రెండేళ్ల గుర్రప్పిల్ల మీద అప్పుడే ఎక్కొచ్చా?

పంచకళ్యాణి: మా గుర్రప్పిల్లకి ఈమధ్యే 2 ఏళ్లు నిండాయి. తలతాడు వేస్తే బుద్ధిగా వెంట నడుస్తుంది, నాలుగు కాళ్లూ ఎత్తనిస్తుంది. ట్రైనర్ ఇక జీను వేసి ఎక్కేద్దామంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు, ఆగాలా?

రౌతు: ఎక్కొచ్చు. ముంగాలి మోకాలికి ఎక్స్‌రే తీయించండి, అక్కడ ఎముక ఎదిగే పొర మూసుకుపోయి ఉంటే ఇక అడ్డేం లేదు. పందెపు గుర్రాలు 2 ఏళ్లకే పరుగెడుతున్నాయి కదా. లేత వయసులో తగినంత పని పడితేనే ఎముక గట్టిపడుతుంది. నాలుగేళ్లు లాయంలో కట్టేసి ఒక్కసారిగా ఎక్కితే ఇంకా నష్టం.

నిదానం: మోకాలి ఎక్స్‌రే మోకాలి సంగతే చెబుతుందండీ, మీరు కూర్చునేది వీపు మీద. వెన్నుపూసల ఎదుగుదల 5, 6 ఏళ్ల దాకా సాగుతుంది. పందేల లెక్క వేరు. ఉత్తరార్ధగోళంలో పందెపు జాతి గుర్రాలైన థరోబ్రెడ్‌లన్నిటికీ జనవరి 1నే వయసు పెరుగుతుంది, మేలో పుట్టిన పిల్ల కాగితం మీద 2 ఏళ్లదైన రోజుకి నిజానికి 20 నెలలదే. మోకాలి కింద ఎముక ముందువైపు వాచిపోయి చెయ్యి తగలనివ్వనివి ఆ వయసు పందెపు పిల్లల్లో మామూలే.

రౌతు: అయితే ఆరేళ్లు మేపుతూ కూర్చోమంటారా? మోకాలు మూసుకుందా లేదా, అది చెప్పండి.

చిరుగంట: పళ్లు చూపించారా? రెండున్నరేళ్లప్పుడు పాలపళ్లు ఊడటం మొదలై నాలుగున్నర దాకా ఊడుతూనే ఉంటాయి. కళ్లెం పడగానే తల విదిలిస్తే పొగరనుకోవద్దు, నొప్పి కావచ్చు.

నిదానం: ఆరేళ్లని నేనెక్కడన్నాను? మూడు దాటాక తేలికైన మనిషి ఎక్కి పది నిమిషాలు నడిపిస్తే చాలు. ఈలోగా ఖాళీ జీను అలవాటు చేయండి, పొడవాటి పగ్గాలు పట్టుకుని వెనక నడుస్తూ తోలండి, కొత్త చోట్లు చూపించండి. తాడు కట్టి గుండ్రంగా గంటలకొద్దీ మాత్రం తిప్పొద్దు, కీళ్లు పోతాయి. నేను కొన్న ఆడగుర్రాన్ని రెండేళ్లకే తయారు చేశామని అమ్మినాయన గొప్పగా చెప్పాడు. పొట్ట కింద పట్టీ బిగించబోతే చెవులు వెనక్కి పెట్టేసి, ఊపిరి బిగబట్టి, వీపు కుంగదీసేది. జీను కంటబడితే చాలు, మూలకి పోయి గోడకి మొహం పెట్టి నిలబడేది.

రౌతు: జీను సరిపోక కూడా అలా చేస్తాయి. ఒక్క గుర్రాన్ని చూసి అందరినీ అంటే ఎలా?

నిదానం: సరిపోకపోతే అప్పుడే చూసుకోవాల్సింది! తొందరలో చూడలేదు. మీరంతా అంతే.

మేత: ఇద్దరూ కాస్త తగ్గండి.

రౌతు: తొందర ఎవరిదండీ? నేను పరాయి గుర్రాలకి నేర్పి బతికేవాణ్ని. పిల్లని తెచ్చి దించుతారు, నెలలో ఎక్కి చూపించమంటారు. కాదంటే ఇంకొకడి దగ్గరికి తోలుకెళ్తారు, వాడు నాకన్నా మొరటుగా చేస్తాడు. ఇంకొంత టైం కావాలన్నందుకు ఒకాయన నా డబ్బు ఎగ్గొట్టి పిల్లని తీసుకుపోయాడు. మీ గుర్రం మీది, మీరు ఎన్నాళ్లయినా ఆగగలరు.

నిదానం: ఈ మాట మొదటే అనుంటే ఎముకల గురించి ఇంత వాదించేవాణ్ని కాదు. అంటే పిల్ల సిద్ధమైందని కాదు, యజమాని ఆగడని ఎక్కుతున్నారు. మీ ఇబ్బంది అర్థమైంది, కానీ గడువు ఎవరు పెట్టినా బరువు మోసేది అదే కదా. దానికి ఒప్పుకోలేను.

రౌతు: ఒప్పుకోవద్దు. ఆగమని ఆ యజమానులకి కూడా ఇంతే గట్టిగా చెప్పండి.

పంచకళ్యాణి: నేనైతే మా ట్రైనర్‌కి గడువేమీ పెట్టలేదు. మరి ఈ తొందర దేనికో రేపు అడుగుతాను. ముందు పళ్లు చూపిస్తాను.