లోకల్ కప్పులో డబ్బు తీసుకుని ఆడేవాళ్లను ఆపాలా?

తిరుపతి_లెఫ్ట్‌బ్యాక్:
మా తిరుపతి చుట్టుపక్కల జరిగే ఒక ఫుట్‌బాల్ కప్పు గురించి అడుగుతున్నా, పేరు వద్దు. ఈసారి సెమీస్‌కి వచ్చిన ఒక టీమ్‌లో ఏడుగురు మ్యాచ్‌కి ఇంత అని మాట్లాడుకుని చెన్నై, వేలూరు నుంచి దిగినవాళ్లే. రోజూ పొద్దున్నే ప్రాక్టీసుకి వచ్చిన మన పిల్లలు లైన్ బయట నీళ్ల బాటిళ్లు అందిస్తూ నిలబడ్డారు. వచ్చే ఏడాది నుంచి డబ్బు తీసుకునేవాళ్లు ఆడకూడదని రూల్ పెట్టాలంటున్నా. ఇంగ్లండ్‌లో ఎఫ్ఏ (అక్కడి ఫుట్‌బాల్ సంఘం) అమెచ్యూర్ కప్పు, అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్ల కప్పు, అలాగే ఎనభై ఏళ్లు నడిచిందిగా?

చిత్తూరు_గోలీ:
తమ్ముడూ, నీ బాధ న్యాయమైందే. కానీ ఆ రూల్ పెడితే ఏమవుతుందో నువ్వు చెప్పిన కప్పు చరిత్రలోనే ఉంది. 1885లో జీతానికి ఆడటాన్ని ఒప్పుకున్నాక అసలు ఎఫ్ఏ కప్పు ప్రొఫెషనల్ క్లబ్బుల చేతుల్లోకి పోయింది, మిగతావాళ్ల కోసమని 1893లో దీన్ని మొదలుపెట్టారు. 1894లో మొదటి ఫైనల్ గెలిచిన ఓల్డ్ కార్తూసియన్స్ కలిగిన ఇళ్ల పిల్లలు చదివే స్కూలు పూర్వ విద్యార్థులు, వాళ్లకి ఆట మీద డబ్బు అక్కర్లేదు. రెండేళ్లకే, 1896లో, బిషప్ ఆక్లండ్ గెలిచింది. అది డర్హం బొగ్గు గనుల ప్రాంతం. గనిలో షిఫ్ట్ వదులుకుని ఆడటానికి వచ్చినవాడికి ఆ రోజు కూలి ఎవరిస్తారు చెప్పు? అందుకే అమెచ్యూర్ క్లబ్బుల్లో చాటుగా బూట్లలో డబ్బు పెట్టే అలవాటు వచ్చింది. 1920ల చివర్లో క్రూక్ టౌన్ క్లబ్బు లెక్కలు బయటపడి డర్హంలో వందలమంది ఆటగాళ్లు సస్పెండ్ అయ్యారు. అయినా ఆగిందా? 1951 ఫైనల్‌కి లండన్ వెంబ్లీ స్టేడియంలో లక్షమంది జనం, గేటు దగ్గర అంత వసూలవుతుంటే ఆడినవాడు మాత్రం ఖాళీ చేతులతో ఇంటికి పోవాలా? చివరికి 1974లో అమెచ్యూర్, ప్రొఫెషనల్ అనే తేడానే తీసేశారు, కప్పూ దాంతోనే పోయింది.

మన దగ్గర చూడు. ఇండియా టీమ్‌కి కూడా కోచ్‌గా ఉన్న రహీం సార్ కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు గెలిచింది. పోలీసు ఉద్యోగం ఇల్లు గడిపింది కాబట్టే ఆ ఆట సాధ్యమైంది. దాన్ని తప్పంటావా?

నేననేది ఒకటే, డబ్బు తీసుకున్నాడా అని అడగొద్దు, అది ఎవరూ పట్టుకోలేరు, దొరికేది ఎప్పుడూ పేదవాడే. ఏ ఊరివాడు, ఎప్పటి నుంచి ఆ టీమ్‌తో ఉన్నాడు అని అడగండి. కప్పుకి మూడు నెలల ముందే ఇరవైమంది పేర్లు ఇచ్చేయాలి, గ్రౌండ్‌లో ఒకేసారి ఇద్దరికి మించి బయటివాళ్లు ఉండకూడదు. మన పిల్లాడికి బస్సు చార్జీ, బూట్లు, పని మానేసిన రోజు కూలి ఇస్తే మాత్రం దర్జాగా రాసి ఇవ్వండి.

రేణిగుంట_వింగర్:
ఇద్దరే అంటే ఒప్పుకోను బ్రో. మంచి ప్లేయర్లు వస్తేనే జనం వస్తారు, జనం వస్తేనే స్పాన్సర్ వస్తాడు. మనవాళ్లు వాళ్ల పక్కన ఆడే కదా నేర్చుకునేది.

చిత్తూరు_గోలీ:
పక్కన ఆడితే నేర్చుకుంటారు, నిజమే. ఏడుగురు వస్తే పక్కన ఆడేదెక్కడ, బెంచీ మీద కూర్చోవడమేగా. జనం సంగతికొస్తే, బిషప్ ఆక్లండ్ ఆ కప్పు పదిసార్లు గెలిచింది, 1958లో మ్యూనిక్ విమాన ప్రమాదంలో ఆటగాళ్లను పోగొట్టుకున్న మాంచెస్టర్ యునైటెడ్ సాయానికి వెళ్లిన ముగ్గురు ఆ క్లబ్బువాళ్లే. వాళ్లలో వారెన్ బ్రాడ్లీ అనే టీచర్ మరుసటి ఏడాది ఇంగ్లండ్ జట్టుకే ఆడాడు. చిన్న ఊరి టీమ్‌లోంచి అంత ఆట వచ్చింది, అలాంటి ఆటకి జనం వాళ్లంతట వాళ్లే వస్తారు.

తిరుపతి_లెఫ్ట్‌బ్యాక్:
అన్నా, మీ రూల్ బాగానే ఉంది కానీ ఎస్వీయూ హాస్టల్లో ఉండే అనంతపురం, కర్నూలు కుర్రాళ్ల మాటేమిటి? వాళ్లని బయటివాళ్లంటే మా టీమ్ సగం ఖాళీ.

చిత్తూరు_గోలీ:
వాళ్లు మనవాళ్లే. 1951లో ఆ వెంబ్లీ ఫైనల్ గెలిచిన పెగాసస్ కూడా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విద్యార్థుల టీమే, అందరూ ఎక్కడెక్కడి నుంచో చదువుకోవడానికి వచ్చినవాళ్లు. కాలేజీ ఐడీ కార్డు జతచేసి, ఆ ఏడాది అడ్మిషన్‌లో ఉంటే లోకల్ కిందే లెక్కపెట్టండి. చదువైపోయి వెళ్లిపోయినవాళ్లను కప్పు కోసం మళ్లీ పిలిపిస్తే మాత్రం ఆ ఇద్దరిలోకి రావాలి. కమిటీ మీటింగ్‌లో ఈ రెండు ముక్కలూ రాతలో ఇవ్వు, నోటితో చెబితే డ్రా తీసే రోజుకి మారిపోతాయి.