షిస్టోసోమియాసిస్‌ను ‘జలజన్య వ్యాధి’ అనవచ్చునా?

ప్రశ్న: ఉష్ణమండల దేశాలలో కనిపించే షిస్టోసోమియాసిస్ గురించి తెలుగులో రాసేటప్పుడు ‘జలజన్య వ్యాధి’ అంటే సరిపోతుందా?

సమాధానం: వర్గం పేరుగా వాడుకోవచ్చు గాని, ఆ ఒక్క మాటతో సరిపెడితే పాఠకునికి హాని జరుగుతుందని నా గట్టి నమ్మకం. జలజన్యం అనగానే కలరా, టైఫాయిడ్ గుర్తుకు వస్తాయి. నీళ్లు కాచి తాగితే చాలుననే భావన ఆ మాటను అంటిపెట్టుకుని ఉంది. నారికురుపు కూడా తాగే నీటితోనే వస్తుంది కనుక, నీటిని గుడ్డతో వడగట్టి తాగడం దానికి మంచి రక్షణ. మనిషి సిరలలో బతికే పరాన్నజీవి పురుగుల వల్ల వచ్చే షిస్టోసోమియాసిస్ దారి వేరు. రోగి మూత్రంతోనో మలంతోనో చెరువులో, కాలువలో చేరిన ఆ పురుగుల గుడ్లు పగిలి, వాటి నుండి వెలువడిన పిల్లలు కొన్ని జాతుల నత్తలలో ప్రవేశించి, అక్కడ వృద్ధి చెంది, చీలిన తోక గల సూక్ష్మమైన లార్వాలుగా మళ్లీ నీటిలోకి వస్తాయి. ఆ నీటిలో దిగి స్నానం చేసేవారి, బట్టలు ఉతికేవారి, చేపలు పట్టేవారి చర్మాన్ని అవి తొలుచుకుని లోపలికి పోతాయి. చర్మానికి గాయం ఉండవలసిన అవసరం కూడా లేదు. అందువల్ల ‘నీటి స్పర్శతో సంక్రమించే పరాన్నజీవి వ్యాధి’ అని రాయడం మేలు. కొంచెం పొడవైనా, ఏది మానుకోవాలో ఆ మాటే చెబుతుంది.

ప్రశ్న: మరి ‘నత్త జ్వరం’, ‘బిల్‌హార్జియా’ అనే పేర్ల మాటేమిటి?

సమాధానం: రెండవది 1851లో కైరోలో ఈ పురుగులను గుర్తించిన జర్మన్ వైద్యుడు థియోడర్ బిల్‌హార్జ్ పేరు మీద వచ్చింది; చరిత్ర రీత్యా ఉంచుకోదగినదే. ‘నత్త జ్వరం’ విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. నత్తను ముట్టుకున్నందువల్ల ఈ వ్యాధి రాదు. జ్వరం కొందరికి తొలి దశలో వస్తుంది, చాలామందికి రానే రాదు. అసలు నష్టం ఆ తరువాత, ఏళ్ల తరబడి, పేగుల చుట్టూనో మూత్రాశయం చుట్టూనో ఉన్న సిరలలో జంటలుగా బతికే పురుగులు పెట్టే గుడ్ల వల్ల కలుగుతుంది. బయటికి పోలేక కాలేయంలో, మూత్రాశయం గోడలో చిక్కుకున్న గుడ్ల చుట్టూ వాపు, మచ్చ కణజాలం ఏర్పడతాయి. మూత్రంలో రక్తం పడేది ఇందువల్లనే. ప్రాజిక్వాంటెల్ అనే మందు పెరిగిన పురుగులను చంపుతుంది గాని, లేత పురుగుల మీద అంతగా పనిచేయదు. పైగా, మందు తీసుకున్నవారు మళ్లీ అదే నీటిలో దిగితే వ్యాధి తిరిగి సోకుతుంది.