నారుకి నీళ్ళు: రెండు పూటలా పోయాలా, ఆరేదాకా ఆగాలా?

కొత్తమొక్క:
అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, నిజాంపేట వైపు. నారు పోయడం ఇదే మొదలు. 12 పెరుగు కప్పుల్లో కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) సగం సగం కలిపి టమాటా, పచ్చిమిర్చి వేశాను. టమాటా ఆరో రోజు మొలిచింది, మిర్చి పదకొండో రోజు. అప్పట్నుంచి పొద్దున, సాయంత్రం మానకుండా నీళ్ళు పోస్తున్నా. నిన్న లేచి చూస్తే నాలుగు కప్పుల్లో మొక్కలు పక్కకి ఒరిగి పడున్నాయి. ఆకులు వాడలేదు, పచ్చగానే ఉన్నాయి. కాడ మొదట్లో మాత్రం దారంలా సన్నబడి, నానినట్టుంది. పైన తెల్లగా ఏదో పేరుకుంది కూడా. మూడు రోజులుగా ముసురు, ఎండ లేదు. నీళ్ళు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా?

రిటైర్డ్_మాస్టారు:
కప్పులకు అడుగున చిల్లులు పెట్టారా?

మిద్దెమీద_మడి:
ఎక్కువయ్యాయండి, అనుమానమే లేదు. దీన్నే నారుకుళ్ళు అంటారు. దాహంతో వాడిన మొక్కకి ఆకులు ముందు వేలాడతాయి, నీళ్ళు పోస్తే కాసేపటికి లేస్తుంది. ఇది అలా కాదు. ఆకు పచ్చగా ఉండగానే మొదలు మెత్తబడి మొక్క నిలువునా పడిపోతుంది. పడింది ఇక లేవదు, దాన్ని తీసి పారేయండి.

కోకోపీట్‌తో ఒక మోసం ఉంది. పైన రంగు తేలి ఎండినట్టే కనబడుతుంది. అరంగుళం లోపల వేలు పెట్టి చూడండి, పిండితే కారేంత తడి ఉంటుంది. మనం పైన చూసి పోసేస్తాం. అందుకని చూడొద్దు, కప్పు ఎత్తండి. నీళ్ళు పోసిన వెంటనే ఓసారి ఎత్తి ఆ బరువు గుర్తు పెట్టుకోండి. మళ్ళీ చేతికి తేలిగ్గా తగిలినప్పుడే పోయండి. పోసేదీ పైనుంచి కాదు. పళ్ళెంలో నీళ్ళు పోసి కప్పులు అందులో పెడితే పావుగంటలో కింది నుంచి పీల్చుకుంటాయి, తర్వాత తీసేయాలి. రెండు పూటలా అన్న మాట మాత్రం ముందు మర్చిపోండి.

మిరపచేను:
"రెండు పూటలా అన్న మాట మర్చిపోండి". ఇది చదివాక ఊరుకోలేక రాస్తున్నా. మాది పల్నాడు. ముప్పై ఏళ్ళుగా మిరపనారు పోస్తున్నా. మొలక వచ్చేదాకా, వచ్చాక ఇంకో పది రోజులూ పొద్దునా సాయంత్రం రోజ్‌క్యాన్‌తో (జల్లెడ మూతి ఉన్న నీళ్ళ డబ్బా) తడపాల్సిందే. పిల్లవేరు వేలి గోరంత కూడా లేనప్పుడు ఒక్క మధ్యాహ్నం పైపొర ఎండితే చాలు, నిలబడ్డచోటే మాడిపోద్ది. కప్పు ఎత్తి బరువు చూడాలంట! నేను మడిని ఎత్తి చూడాలా?

నీళ్ళు ఎక్కువై నారు చావదు, నీళ్ళు నిలబడి చస్తుంది. మడి జానెడు ఎత్తు చేసి చుట్టూ కాలవ తీస్తే పోసిన నీళ్ళు పోసినట్టే పోతాయి. అమ్మా కొత్తమొక్కా, విత్తనానికి మందు పట్టించావా? కిలోకి 3 గ్రాముల థైరమ్ గానీ కాప్టాన్ గానీ పట్టించి వేస్తాం మేము. ఇప్పుడైతే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు లీటరుకి 3 గ్రాములు కలిపి మొదళ్ళు తడుపు. మిగిలినవి నిలబడతాయి.

ఓరుగల్లు_పోరడు:
పన్నెండు కప్పులకు గింత లొల్లా అన్నా 😄

డాలస్_గోంగూర:
ఇక్కడ మార్చి మధ్య దాకా మంచు భయం ఉంటుంది కాబట్టి జనవరి నెలాఖర్లో ఇంట్లోనే మొలకలు పెడతాం. నాకూ మొదటి ఏడు ఇలాగే పడిపోయాయి. చిన్న ఫ్యాన్ పెట్టాక తగ్గింది. గాలి ఆడాలండి.

షేడ్‌నెట్:
నేను నర్సరీలో పనిచేస్తాను, 98 గుంతల ప్రోట్రేలు (నారు పెంచే ప్లాస్టిక్ ట్రేలు). ఒక విషయం చెప్తాను. గింజ వేశాక ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి పాలిథిన్ కప్పేస్తాం. కోకోపీట్‌లో పదును (తడి) ముందే సరిగ్గా ఉంటే మొలక తొంగిచూసేదాకా చుక్క నీళ్ళు పోయం. మొలక కనిపించిన రోజే విడదీసి పరుస్తాం, ఒక్కరోజు ఆలస్యమైనా కాడలు పొడుగు సాగుతాయి. ఆ తర్వాత ఎండాకాలం రోజూ, ఒక్కోరోజు రెండుసార్లు కూడా. ముసురులో మాత్రం అసలు పోయని రోజులుంటాయి. పోసినా పొద్దునే. సాయంత్రం పోస్తే రాత్రంతా ఆకు తడి ఆరదు.

మిరపచేను:
మొలక వచ్చేదాకా చుక్క పోయరంట. పాలిథిన్ కింద ఆవిరైన నీళ్ళు ఎటు పోతాయి బాబూ? మళ్ళీ గింజ మీదే పడతాయి. అంటే తడి ఉన్నట్టే కదా. మేం కప్పేది వరిగడ్డి. ఎండకి గడ్డి ఎండుద్ది, మళ్ళీ తడుపుతాం. మొలక లేవగానే గడ్డి తీసేస్తాం. నేను చెప్పిందే నువ్వూ చెప్తున్నావు.

షేడ్‌నెట్:
కాదండీ, నేను చెప్పింది పోయొద్దని.

మిరపచేను:
తడి ఉండాలనేగా!

రిటైర్డ్_మాస్టారు:
చిల్లులు?

మిద్దెమీద_మడి:
మిరపచేను గారూ, మీ మడి నేల. నీళ్ళు కిందికి దిగిపోతాయి, పైన ఎండ, పక్కన గాలి. ఈ అమ్మాయిది చిన్న కప్పు, అందులో కొబ్బరి పొట్టు. రెండిటికీ ఒకే లెక్క ఎలా సరిపోతుంది? అందరూ "రోజూ రెండు పూటలా" అని చెప్పీ చెప్పీ మాలాంటివాళ్ళం ఎన్ని మొక్కలు చంపుకున్నామో మీకు తెలీదు. మొదటి ఏడాది మూడు విడతలు పోశాను, మూడూ పోయాయి. మా పక్కింటి పెద్దాయన రోజూ గోడ మీంచి చూసి "అయ్యో, నీళ్ళు పోయలేదేంటమ్మా" అనేవారు. ఆయన మాట కాదనలేక పోసేదాన్ని. మూడో విడతకి కప్పుల మీద పచ్చగా నాచు పట్టింది. సన్న ఈగలు కూడా మొదలయ్యాయి. నాచు వచ్చిందంటే ఎప్పుడూ తడిగా ఉంచుతున్నామని అర్థం అని అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

విశాఖ_వంగ:
పైన తెల్లగా ఉందంది కదా, అది బూజు. బూజు ఉందంటే తెగులు ఉన్నట్టే.

మిద్దెమీద_మడి:
అది బూజు కాకపోవచ్చు. ఆ చుట్టుపక్కల బోరు నీళ్ళలో ఉప్పు జాస్తి. నీళ్ళు ఆవిరైపోయి ఉప్పు పైన మిగులుతుంది.

విశాఖ_వంగ:
ఉప్పయితే కుండీ అంచుకి పడుతుంది. మొక్క మొదట్లో పట్టింది బూజే.

మిద్దెమీద_మడి:
కోకోపీట్ మీద కూడా పడుతుందండీ! కింది నుంచి నీళ్ళు పెడితే మరీ పడుతుంది, ఉప్పు పైకి ఎక్కి అక్కడే ఆగిపోతుంది. అందుకే వారానికోసారి పైనుంచి ధారాళంగా పోసి కిందికి కడిగేయాలి.

మిరపచేను:
చూశారా! కిందనుంచి పెట్టమన్నదీ వీళ్ళే, పైనుంచి కడగమన్నదీ వీళ్ళే.

విశాఖ_వంగ:
ఏ ఉప్పూ దూదిలా ఉండదు.

కొత్తమొక్క:
దూదిలా ఉందని నేను అనలేదండీ. వేలితో రాస్తే గరుగ్గా పొడిలా వస్తోంది.

మిద్దెమీద_మడి:
అయితే ఉప్పే.

విశాఖ_వంగ:
ఎండిన బూజు కూడా పొడే అవుతుంది.

ఓరుగల్లు_పోరడు:
నాలుక మీద పెట్టి చూడక్కా, ఎర్కయితది 😂 (వద్దులే, ఉత్తగన్న)

మిరపచేను:
మిద్దె తోట అమ్మగారికి ఒక మాట. మూడేళ్ళ కింద మా అబ్బాయి ఫోన్‌లో వీడియో చూపించాడు. "నారుని కొంచెం ఎండనివ్వండి, వేరు నీళ్ళు వెతుక్కుంటూ కిందికి దిగుద్ది" అని ఎవరో చెబుతున్నాడు. వినడానికి బాగానే ఉంది. శ్రావణంలో వాన మొహం చాటేసింది. నేను ఒక పూట తడుపుతూ, మరుసటి రోజు మానేస్తూ వచ్చా. నాలుగో రోజు మధ్యాహ్నం భోజనం చేసి వెళ్ళేసరికి మడి మడంతా తలలు వాల్చేసింది. పరిగెత్తి మోటారు వేశా. పైపు ఎండలో పడుంది, మొదట వచ్చిన నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడి. ఆ కంగారులో చూసుకోకుండా అవే పోసేశా. సాయంత్రానికి సగం మడి ఉడికిన తోటకూరలా అయిపోయింది. అందుకే "ఆరనివ్వండి" అనే మాట ఎవరు అన్నా నాకు ఒళ్ళు మండుద్ది.

మిద్దెమీద_మడి:
క్షమించండి గానీ, అది ఆరనివ్వడం వల్ల పోయింది కాదు, వేడినీళ్ళు పోయడం వల్ల పోయింది. మొదటి బకెట్టు పారబోసి తర్వాత పోయాల్సింది. నన్ను అడిగితే నారు కాస్త వాడినా కంగారు పడకూడదు. నాలుగు పోతే పోతాయి, బలమైనవి మిగులుతాయి. కొత్తవాళ్ళు అలాగే నేర్చుకుంటారు. మళ్ళీ పోసుకుంటే సరి.

మిరపచేను:
మళ్ళీ పోసుకుంటే సరి!

అమ్మా, ఆ ఏడు నేను ఎనిమిది ప్యాకెట్లు కొన్నా. హైబ్రిడ్, 10 గ్రాముల ప్యాకెట్టు. ఒక్కోటి ఎంతో నీకు తెలుసా? వెయ్యి దాటిన రకం. గింజ గింజా లెక్కపెట్టుకుని వరసల్లో వేశా, వెదజల్లలేదు. నారు చచ్చాక మళ్ళీ విత్తనం కోసం వెళ్తే ఆ రకం లేదు, ఉన్నది తెచ్చుకుని పోశా. ఆ నారు చేతికొచ్చేసరికి నెలన్నర. కౌలు మాత్రం ఆగలేదు. నీకు నాలుగు పోతే పాఠం, నాకు నాలుగు పోతే అప్పు.

మిద్దెమీద_మడి:
నేను మిమ్మల్ని ఏమీ అనలేదండీ, ఆ అమ్మాయికి చెప్పాను.

మిరపచేను:
ఇది ఎవరైనా చదవొచ్చు. మా అబ్బాయిలాంటోడు చదివి ఇంటికొచ్చి నాకు చెబుతాడు. "నీళ్ళు తగ్గించండి" అని రాసేటప్పుడు "కప్పులో కోకోపీట్ అయితేనే" అని రాయండి. నేలలో, వేసవి ఎండలో, వాన లేనప్పుడు ఆ మాట మడిని తగలబెడుతుంది. నాకు ఇంతసేపూ మంట అందుకే. నీళ్ళ గురించి కాదు.

మిద్దెమీద_మడి:
అలాగైతే మీరు కూడా "రెండు పూటలా" పక్కన "నేల మడికి" అని రాయాలి. మొదటి జవాబులో రాయలేదు.

మిరపచేను:
రాయలేదు. మడి అన్నానుగా, మడి అంటే నేలే.

షేడ్‌నెట్:
ఇద్దరూ ఒకటి మర్చిపోయారు. ఆ అమ్మాయి కోకోపీట్‌లో సగం వర్మీకంపోస్ట్ కలిపింది. మొలకలకి అది ఎక్కువ. మేం కలిపినా చాలా తక్కువ కలుపుతాం. కంపోస్ట్ తడిని ఇంకా పట్టేసి ముద్దలా చేస్తుంది. ఈ వాతావరణంలో ఆ మిశ్రమానికి రెండు పూటలా పోస్తే ఆరే అవకాశమే లేదు. మిగిలిన కప్పుల్ని గాలి, వెలుతురు తగిలే చోటికి మార్చండి. రెండు రోజులు నీళ్ళు మానేయండి. మందు పోసినా తడే కదా, అందుకని ఒక్కసారి, కొద్దిగా, పొద్దున పూట.

డాలస్_గోంగూర:
ట్రైకోడెర్మా (తెగులుని అడ్డుకునే మంచి శిలీంధ్రం) మొదట్లోనే కలిపితే మంచిది అంటారు. తెగులు వచ్చాక దానివల్ల పెద్దగా లాభం ఉండదనుకుంటా.

షేడ్‌నెట్:
ముందు కలపాలి. అవును. కాపర్ పోసిన వెంటనే మాత్రం కలపకండి, అది కూడా చచ్చిపోతుంది.

రిటైర్డ్_మాస్టారు:
మూడోసారి అడుగుతున్నాను. కప్పులకు చిల్లులున్నాయా లేవా?

కొత్తమొక్క:
మాస్టారూ, సారీ, ఇప్పుడే అన్నీ తిరగేసి చూశా. తొమ్మిదింటికి పెట్టాను. మూడింటికి మర్చిపోయాను. కానీ పడిపోయిన నాలుగింట్లో రెండు చిల్లులున్నవే.

రిటైర్డ్_మాస్టారు:
ఎన్ని చిల్లులు? ఎంత?

కొత్తమొక్క:
సూదితో ఒక్కొక్కటి.

రిటైర్డ్_మాస్టారు:
అమ్మా, సూదిచిల్లులోంచి నీళ్ళు కారవు. కొబ్బరి పీచు ఒక్కటి అడ్డం పడితే చాలు. మేకు కాల్చి నాలుగైదు పెట్టండి.

మిరపచేను:
నీళ్ళు నిలబడి చచ్చాయని నేను మొదటే చెప్పా.

మిద్దెమీద_మడి:
నీళ్ళు ఎక్కువయ్యాయని నేనూ మొదటే చెప్పాను.

కొత్తమొక్క:
మేకుతో పెట్టాను. చిల్లుల్లేని ఒక కప్పులోంచి పావు గ్లాసు నీళ్ళు కారాయి, కుళ్ళిన కంపు. కప్పులన్నీ ఉత్తరం వైపు కిటికీ దగ్గర నుంచి తూర్పు బాల్కనీకి మార్చాను. ఎనిమిది మిగిలాయి. వాటిలో మిర్చి మూడు. మిరపచేను గారూ, ఆ మూడింటినీ ఎప్పుడు నాటాలి?

మిరపచేను:
ఆరు వారాలు నిండనీ. చివరి వారం నీళ్ళు తగ్గించు, కాడ గట్టిపడుద్ది.

మిద్దెమీద_మడి:
చూశారా, తగ్గించమని మీరే అన్నారు.

మిరపచేను:
చివరి వారం అన్నానమ్మా. చివరి వారం.