పాత సామాన్లలో ఏవి కొనొచ్చు?

విజయనగరంలో కొత్తగా కాపురం పెట్టాం. జనం దానంగా ఇచ్చిన సామాన్లు తక్కువకి అమ్మే చోట ఇత్తడి గిన్నెలు, కుక్కర్, పరుపు, హెల్మెట్ చూశాను. ఒకరు వాడినవి వద్దంటున్నారు మా అత్తగారు. మీరైతే ఏవి కొంటారు?

జవాబు: ఇత్తడి తప్పకుండా తీసుకోండమ్మా. మా శ్రీకాకుళం వైపు బుడితి ఇత్తడికి పెట్టింది పేరు, మా ఇంట్లో బిందె పాతదే, చింతపండుతో తోమితే తళతళలాడుతుంది. వంటకైతే మాత్రం లోపల కళాయి, అంటే తగరం పూత, ఉందో లేదో చూసి, పోయుంటే మళ్లీ వేయించండి, లేకపోతే పులుసు చిలుమెక్కుతుంది.

జవాబు: హెల్మెట్ వద్దే వద్దు! ఒక్కసారి గట్టి దెబ్బ తగిలితే లోపలి థర్మాకోల్ నలిగిపోతుంది, పైకి కనపడదు. ఐఎస్ఐ మార్కుది కొత్తదే కొనండి. పరుపూ వద్దు, నల్లులతో మేం ఆరు నెలలు నిద్రపోలేదు.

జవాబు: కుక్కర్ అడుగు ఉబ్బకపోతే పర్లేదు. గాస్కెట్, సేఫ్టీ వాల్వ్ కొత్తవి వేయించండి.