అప్‌డేట్: పెదవి మీద పొక్కులు, అక్క బాబు బారసాల

పోయిన నెల అడిగాను కదా, జ్వరం తగ్గిన రెండో రోజే కింది పెదవి అంచున నీటి పొక్కులు గుత్తిగా లేచాయని, 21వ రోజు బారసాలకి వెళ్ళి బాబుని ఎత్తుకోవచ్చా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

చర్మ డాక్టర్‌కి చూపించాను. పురుగు పాకడం కాదు, వేడి చేయడమూ కాదట. హెర్పిస్ సింప్లెక్స్ వైరస్, టైప్ 1. "నాకెలా అంటుకుంది?" అని ఏడుపు గొంతుతో అడిగాను. చాలామందికి చిన్నప్పుడే, ఇంట్లోవాళ్ళ ముద్దుల వల్లే వస్తుందన్నారు. ప్రపంచంలో 50 ఏళ్ళ లోపువాళ్ళలో సగానికి పైగా ఈ వైరస్ ఉందట, ఎక్కువమందికి పొక్కులే రావట. వైరస్ మాత్రం నరాల్లో దాక్కుని, జ్వరం, ఎండ, నిద్రలేమి, టెన్షన్ లాంటివి తగిలినప్పుడు మళ్ళీ పైకొస్తుంది. ఆ మాట విన్నాక మనసు తేలికపడింది. ఇది ఎవరి తప్పూ కాదు.

పొక్కు లేవకముందు పెదవి చురుక్కుమంటుంది చూడండి, మందు అప్పుడే మొదలుపెడితే బాగా పనిచేస్తుందట. నేను ఎసైక్లోవిర్ ఆలస్యంగా మొదలుపెట్టాను. పది రోజులకి చెక్కు రాలింది.

బారసాలకి వెళ్ళలేదు. నెలలోపు పిల్లలకి ఇది సోకితే ప్రాణం మీదికి రావచ్చని డాక్టర్ గట్టిగా చెప్పారు. అమ్మ నొచ్చుకుంది, అక్క మాత్రం "మంచి పని చేశావే" అంది. ఉయ్యాలలో వేయడం వీడియో కాల్‌లో చూశాను. మొన్న ఆదివారం చేతులు కడుక్కుని ఎత్తుకున్నాను. ముద్దు మాత్రం పెట్టలేదు.