కమొడోర్ 64లో సీరియల్ వేగం పెంచడం ఎలా?

ప్రశ్న: నా కమొడోర్ 64 (1980లనాటి ఇంటి కంప్యూటర్) యూజర్ పోర్టుకు మోడెమ్ తగిలించాను. 1200 బాడ్ (సెకనుకు 1200 బిట్లు) వద్ద అక్షరాలు సరిగానే వస్తున్నాయి గానీ, 9600కు మార్చగానే తెరంతా పిచ్చి గుర్తులతో నిండిపోతోంది. లోపం కేబుల్‌లో ఉందా?

జవాబు 1: కేబుల్ తప్పేమీ లేదండీ. ఆ యంత్రంలో సీరియల్ పనికి, అంటే బిట్లను ఒకదాని వెనక ఒకటి పంపి అందుకోవడానికి, ప్రత్యేక చిప్ లేదు కాబట్టి, సుమారు 1 మెగాహెర్ట్జ్‌తో నడిచే ప్రాసెసరే చేతిలో పని ఆపి ఒక్కో బిట్‌నూ అందుకోవలసి వస్తుంది. 9600 వద్ద బిట్‌కు దాదాపు 100 సైకిళ్లే (ప్రాసెసర్ గడియారపు టిక్‌లు) దక్కుతాయి. అందులోంచి వీడియో చిప్ అప్పుడప్పుడూ 40 దాకా లాగేసుకుంటుంది.

జవాబు 2: సీరియల్ పనికి సొంత చిప్ ఉన్న స్విఫ్ట్‌లింక్ కార్ట్రిడ్జ్ దొరికితే వదలకండి. మామూలు క్రిస్టల్‌తో (చిప్‌కు గడియారపు వేగాన్నిచ్చే భాగం) 19200 వరకే వెళ్లే ఆ 6551 చిప్‌కు రెట్టింపు వేగపు క్రిస్టల్ అమర్చి, దానిలో 38400 రాబట్టారు.

జవాబు 3: ఖర్చు వద్దనుకుంటే, పోర్టులో కొన్ని పిన్నులను తీగలతో కలిపి కంప్యూటర్‌లోని సీఐఏ అనే ఇన్‌పుట్-ఔట్‌పుట్ చిప్‌లో బిట్లను తానే వరుసగా పోగుచేసే షిఫ్ట్ రిజిస్టర్‌ను వాడుకునే యూపీ9600 పద్ధతి ఉంది. అయితే మీ టెర్మినల్ ప్రోగ్రామ్‌లో దాని డ్రైవర్ ఉండాలి.