డైవ్ కంప్యూటర్ లోతు తప్పు చూపిస్తోంది, సర్వీస్ వాళ్లేమో లోపం లేదంటున్నారు. ఏం చేయాలి?

స్కూబా డైవింగ్‌లో లోతు, నీటి కింద ఇంకెంతసేపు ఉండొచ్చో చూపించే నా డైవ్ కంప్యూటర్ కొని ఏడాదిన్నర అయింది. వారంటీ ఇంకో ఆరు నెలలుంది. మూడు నెలల క్రితం, నాతో జంటగా డైవ్ చేసే బడ్డీ కంప్యూటర్ 18 మీటర్లు చూపిస్తుంటే పక్కనే ఉన్న నాది 14 దగ్గరే ఆగిపోయింది. ఉప్పునీరు, మంచినీరు సెట్టింగ్ వల్ల వచ్చే తేడా దాదాపు 3 శాతమే కాబట్టి అది కారణం కాదు. బోటెక్కి సూట్ విప్పుతుంటే కూడా స్క్రీన్ మీద 1.2 మీటర్లు అనే ఉంది! అది చూసి నిజంగా భయమేసింది. లోతు తక్కువ చూపిస్తే ఒంట్లో చేరే నైట్రోజన్ (ఎక్కువైతే ప్రమాదం) లెక్క కూడా తక్కువే వస్తుంది కదా, ఇంకా టైముందని చెబుతూనే ఉంటుంది.

సెన్సర్ రంధ్రాల్లో ఉప్పు పేరుకుందేమోనని గోరువెచ్చని మంచినీళ్లలో రాత్రంతా నానబెట్టాను. మార్పు లేదు. సర్వీస్‌కి మెయిల్ పెడితే ప్రతిసారీ "బ్యాటరీ మార్చి చూడండి" అనే జవాబే. చివరికి పంపిస్తే, ఆరు వారాలు ఉంచుకుని "లోపం లేదు" అని చీటీ పెట్టి తిప్పి పంపారు. తర్వాతి డైవ్‌లో మళ్లీ అదే వరస. ఇక దాన్ని వాడటం మానేశాను.

బయట ఎక్కడైనా ప్రెషర్ టెస్ట్ చేయించి, ఆ రీడింగులు చూపించి వారంటీలో మార్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? రెండు కంప్యూటర్ల డైవ్ లాగ్‌లు పక్కపక్కన పెట్టి పంపితే ఒప్పుకుంటారా? దయచేసి చెప్పండి.